చెయ్యి నీదే, ముఖం ఎవరిది?

ప్రశ్న: నా వయసు 24. పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం మాది. బీకాం పూర్తిచేసి రెండేళ్లుగా హైదరాబాద్‌లో చీరల దుకాణాల కేటలాగ్‌లకు, చిన్న చిన్న ప్రకటనలకు మోడల్‌గా పనిచేస్తున్నాను. నేను నల్లగా ఉంటాను. కిందటేడు ఒక దుకాణం వేసిన బ్రోచరులో నా ముఖాన్ని కంప్యూటర్‌లో తెల్లగా మార్చేశారు. కొంగు పట్టుకున్న చేతిని మార్చడం మాత్రం మరిచిపోయారు. అది చూసి చెల్లి నవ్వింది, నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడొక రెడీమేడ్ కంపెనీ ‘పర్యావరణ హిత’ దుస్తులంటూ కొత్త రకం తెస్తోంది. ఏడాది ఒప్పందానికి నన్ను అడిగారు. ‘ఇప్పుడు మీలాంటి రంగుకే గిరాకీ’ అన్నారు. నా సొంత ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో ‘ఈ దుస్తులు భూమికి హాని చేయవు’ అని నేను చెప్పాలట. నమూనాగా ఇచ్చిన చొక్కా లోపలి చీటీ మీద 65 శాతం పాలిస్టర్ అని ఉంది. డబ్బు బాగానే ఇస్తారు. మగ్గం మీద చేసిన అప్పు తీరుతుందని అమ్మ ఆశపడుతోంది. కాలేజీలో ఉండగా అమెరికన్ మోడల్ కామెరన్ రస్సెల్ ప్రసంగం చూశాను. అప్పటినుంచి ఆమెలాగే పర్యావరణం గురించి, అన్ని రంగుల వాళ్లకూ చోటు దక్కడం గురించి మాట్లాడే మోడల్‌ని కావాలని కోరిక. ‘బట్టలు అమ్మిపెట్టేదానివి, ఈ నీతులు నీకెందుకు’ అంటోంది నా స్నేహితురాలు. మాట్లాడితే పని పోతుందేమో. మాట్లాడకపోతే నన్ను నేనే మోసం చేసుకున్నట్టు. సంతకం పెట్టమంటారా, వద్దంటారా? నా పేరు వేయకండి. మా అమ్మ వయసువారై ఉంటారు, నన్ను ‘మీరు’ అనకండి.

జవాబు: సరే, నువ్వనే రాస్తాను. ముందు జవాబు చెబుతాను, కారణాలు తర్వాత. పని ఒప్పుకో. ఆ వాక్యం ఒప్పుకోకు. నీ ఒంటి రంగు మార్చబోమని కాగితం మీద రాయించుకో. ఈ రెండింటిలో ఏది కుదరదన్నా సంతకం పెట్టకు, అప్పు ఎంత ఉన్నా సరే. అప్పు గురించి తేలిగ్గా మాట్లాడుతున్నానని అనుకోకు, ఆ సంగతికీ వస్తాను.

నీ ఉత్తరం చదువుతుంటే ఆ చెయ్యి దగ్గర ఆగిపోయాను. చాలా ఏళ్ల కిందట ఒక పత్రికలో పనిచేసేటప్పుడు, ఫొటోలు దిద్దే కుర్రవాడి పక్కన కూర్చుని ఒక ప్రకటన తయారవుతుండగా చూశాను. తెర మీద ఒక అమ్మాయి ముఖం. అతను మౌస్ జరిపినకొద్దీ చెంపల మీది రంగు మెల్లగా వెలిసిపోతోంది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉండేది, అదీ పోయింది. కళ్ల కింది నీడ పోయింది. ‘ఇలా చేయమని ఎవరు చెప్పారు?’ అని అడిగాను. అతను చెయ్యి ఆపి కాసేపు ఆలోచించాడు. ‘ఎవరూ చెప్పలేదండీ, ఎప్పుడూ ఇలాగే చేస్తాం’ అన్నాడు. చెడ్డవాడు కాదు. తన చెల్లెలి ఫొటోకు కూడా అదే చేసేవాడు, అది మర్యాద అనుకునేవాడు.

నిన్ను తెల్లగా మార్చినవాళ్లు కూడా పగబట్టి ఆ పని చేసి ఉండరు. ఎవరూ ఆజ్ఞాపించకుండానే, ఎవరూ తప్పు అనుకోకుండానే అది జరిగిపోతుంది. అందుకే నువ్వు బాధపడినంత మాత్రాన, షూట్ రోజున నోటిమాటగా చెప్పినంత మాత్రాన అది ఆగదు. ఫొటో తీసేవాడు ఒకడు, దిద్దేవాడు మరొకడు, అచ్చు వేయించేవాడు ఇంకొకడు. నీ నోటిమాట వీళ్లలో చివరివాడి దాకా చేరదు. కాగితమైతే చేరుతుంది.

ఇక నువ్వు చూసిన ప్రసంగం సంగతి. అది 2012 నాటిది. నీలాగే కోట్ల మంది చూశారు. రస్సెల్ వేదిక మీదికి బిగుతైన పొట్టి నల్ల గౌనుతో, ఎత్తు మడమల చెప్పులతో వచ్చింది. అందరూ చూస్తుండగానే ఆ గౌను మీద పొడవాటి పావడా చుట్టుకుంది, స్వెట్టర్ తొడుక్కుంది, చెప్పులు మార్చుకుంది. ఆ కొద్ది క్షణాల్లోనే తన గురించి మీ అభిప్రాయం మారిపోయింది కదా అన్నట్టు నిలబడింది. తర్వాత తన పత్రికల ఫొటోలు, అదే కాలంలో ఇంట్లోనూ స్నేహితులతోనూ దిగిన ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించింది. మొదటివాటిలో ఉన్నది తాను కాదని, జుట్టు దువ్వేవారు, రంగులు పూసేవారు, ఫొటో తీసేవారు, తర్వాత దిద్దేవారు అంతా కలిసి కట్టిన ఒక బొమ్మ అని చెప్పింది.

నీకు బాగా గుర్తుండిపోయినవి ఇవే అయి ఉంటాయి. నేను గుర్తుచేయాలనుకున్నది ఇంకొకటి. అదే ప్రసంగంలో ఆమె ఒక లెక్క చెప్పింది. 2007లో న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధక విద్యార్థి ర్యాంప్ మీద నడిచిన మోడళ్లను ఒక్కొక్కరినీ లెక్కపెట్టారట. 677 మందిలో తెల్లవారు కానివారు 27 మంది. నూటికి నలుగురు కూడా లేరు. తాను మోడల్ అయింది గొప్పతనం వల్ల కాదని, పుట్టుకతో దక్కిన ఒక లాటరీ వల్లనని, తెలుపునూ సన్నదనాన్నీ అందమని శతాబ్దాలుగా నిర్ణయించుకున్న లోకంలో తాను ఆ ఆస్తికి వారసురాలినని ఒప్పుకుంది. అప్పటికి ఆమెకు పదేళ్ల అనుభవం. పెద్ద పెద్ద కంపెనీల ప్రకటనల్లో నటించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివింది. తల్లి ఒక పేరున్న కంపెనీ సహ వ్యవస్థాపకురాలు. ఆ ప్రసంగం వల్ల పని పోయినా రోడ్డున పడే మనిషి కాదు.

ఆమెను తక్కువ చేయడానికి ఈ మాటలు అనడం లేదు. చేతికందిన అదృష్టాన్ని అందరి ముందూ అదృష్టమని ఒప్పుకునేవారు ఎంతమంది? 2017లో, మోడళ్ల మీద జరిగే లైంగిక వేధింపుల గురించి తోటివారు పంపిన కథనాలను వారి పేర్లు లేకుండా వరసగా ప్రకటించింది. తోటి మోడళ్లను కూడగట్టి వాతావరణ మార్పు గురించి, కార్మికుల గురించి మాట్లాడే బృందాన్ని నిలబెట్టింది. నాకు ఆమె అంటే గౌరవం. కానీ ఆమె నిలబడిన చోటు నుంచి నువ్వు మొదలుపెట్టలేవు. ఆమె లాటరీ గెలిచినచోట నీకు ముఖం చెరిపేసిన బ్రోచరు దక్కింది. ఆమెలా మాట్లాడలేకపోతున్నానని నిన్ను నువ్వు తిట్టుకుంటున్నావు చూడు, ఆ తిట్టు అనవసరం.

నీకు దారి చూపగలిగినవారు వేరే ఉన్నారు. బెథాన్ హార్డిసన్ పేరు విన్నావో లేదో. 1942లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టిన నల్లజాతి స్త్రీ. 1973 నవంబరులో పారిస్ దగ్గర వెర్సాయ్ రాజప్రాసాదంలో అమెరికన్, ఫ్రెంచ్ డిజైనర్ల మధ్య పోటీలా జరిగిన ప్రదర్శనలో నడిచింది. ఆ రాత్రి ఆమెతో పాటు నడిచిన నల్లజాతి మోడళ్లను చూసి ఫ్రెంచివాళ్లే లేచి నిలబడ్డారు. అంతటితో లోకం మారిపోయిందని ఆమె అనుకోలేదు. 1984లో సొంత ఏజెన్సీ పెట్టింది. 1988లో సొమాలియాకు చెందిన మోడల్ ఇమాన్‌తో కలిసి నల్లజాతి మోడళ్ల సంఘాన్ని మొదలుపెట్టింది. కొంతకాలం పరిస్థితి మెరుగుపడి, మళ్లీ మొదటికొచ్చింది. 2013లో, 70 దాటిన వయసులో, మళ్లీ కలం పట్టింది. న్యూయార్క్, లండన్, మిలాన్, పారిస్ ఫ్యాషన్ మండళ్లకు ఉత్తరాలు రాసింది. ఏయే సంస్థలు తమ ప్రదర్శనలో తెల్లవారు కానివారిని ఒక్కరినే పెట్టాయో, ఒక్కరిని కూడా పెట్టలేదో పేర్లతో జాబితా ఇచ్చింది. ఇమాన్, మరో పేరున్న మోడల్ నవోమీ కాంప్‌బెల్ ఆమె వెంట నిలబడ్డారు.

ఆమె చేసిన పని ఏమిటో చూశావా? లెక్కపెట్టింది. రాసిపెట్టింది. ఒంటరిగా కాకుండా నలుగురిని వెంటబెట్టుకుని వెళ్లి ఇచ్చింది. గొంతు పెంచాల్సిన పని పెద్దగా పడలేదు. మనసు నొచ్చుకుందని చెబితే ‘మీరు మరీ సున్నితం’ అని నవ్వేస్తారు. ఫలానా సంస్థ, ఫలానా ప్రదర్శన, ఇంతమందిలో ఒక్కరు అని రాసిచ్చిన కాగితాన్ని చూసి నవ్వడం కష్టం. ఇది నువ్వు ఇవాళే మొదలుపెట్టగలవు. హైదరాబాద్ చీరల దుకాణాల కేటలాగ్‌లు ఒక ఏడాదివి తీసుకో. మన ఊళ్లలో కనిపించే రంగు ఎన్ని ముఖాల్లో ఉందో లెక్కపెట్టు. ఒక నోటుపుస్తకంలో తేదీలతో రాసుకో. తోటి మోడళ్లలో ఇద్దరు ముగ్గురికి చూపించు. దాన్ని ఎక్కడ బయటపెట్టాలో తర్వాత ఆలోచించవచ్చు. ముందు లెక్క ఉండాలి.

ఇంకొక అమ్మాయి కథ నిన్ను కాస్త భయపెడుతుంది, అయినా చెప్పాలి. హలీమా ఆడెన్. తల్లిదండ్రులు సొమాలియా నుంచి పారిపోయి వస్తే కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో పుట్టింది. తర్వాత అమెరికాలో పెరిగింది. 2016లో మిన్నెసోటా రాష్ట్ర అందాల పోటీలో తలకు హిజాబ్‌తో పాల్గొంది. పెద్ద ఏజెన్సీ పిలిచినప్పుడు, హిజాబ్ తీయమని అడగకూడదని ఒప్పందంలోనే రాయించుకుంది. అంత ముందుచూపు ఉన్న మనిషి. అయినా తర్వాత ఆమె తల మీద హిజాబ్ బదులు జీన్స్ ప్యాంటు చుట్టిన ఫొటోలు వచ్చాయి. కాగితం మీది మాట నిలిచింది, దాని అర్థం మెల్లగా జారిపోయింది. 2020 నవంబరులో ఆమె ర్యాంప్ మోడలింగ్ మానేసింది. తప్పు ఇతరుల మీదికి నెట్టకుండా, అవకాశాల కోసం తానూ సర్దుకుపోయానని బాహాటంగా చెప్పింది.

ఈ కథ చెప్పింది నువ్వు మానేయాలని కాదు. ఒప్పందంలో షరతు రాయించుకోవడంతో పని అయిపోదని. ప్రతి షూట్‌కు ముందు ఆ కాగితం తీసి చూపించాల్సి వస్తుంది. ఫొటోలు అచ్చుకు వెళ్లేముందు నువ్వు చూసి సరే అనే హక్కు కూడా అందులో ఉండాలి. ‘రంగు మార్చం’ అన్నది ఒక వాక్యం. ‘అచ్చుకు ముందు చూపిస్తాం’ అన్నది రెండో వాక్యం. రెండోది లేకపోతే మొదటిది ఉత్తమాటే.

‘మీలాంటి రంగుకే గిరాకీ’ అన్నారని రాశావు. ఆ మాట నాకు రుచించలేదు, నీకూ రుచించి ఉండదు, అందుకే రాశావు. మన దేశంలో ముఖం తెల్లబరిచే క్రీము 1975 నుంచి అమ్ముతున్నారు. అందరికీ తెలిసిన ఆ క్రీము పేరులోంచి తెలుపు అనే మాట తీసేయడానికి 2020 దాకా పట్టింది. చెన్నైకి చెందిన ఒక స్త్రీల సంస్థ 2009లోనే నలుపు అందమేనని ప్రచారం మొదలుపెట్టింది, తర్వాత నటి నందితా దాస్ దానికి గొంతు కలిపారు. తెలుగువాళ్లు ఇంటి పిల్లలా చూసుకునే సాయి పల్లవి తెల్లబరిచే క్రీము ప్రకటనకు ఒప్పుకోలేదని 2019లో అందరికీ తెలిసింది. ఇంతమంది నలిగి, వద్దని చెప్పి, కాదని నిలబడితే ఇవాళ ఆ గిరాకీ వచ్చింది. దాన్ని వాడుకోవడంలో తప్పు లేదు. నీ ముందువాళ్లు వేసిన దారి మీద నువ్వు నడవడంలో సిగ్గుపడాల్సింది ఏముంది? కానీ నీ రంగు కావాలన్నవాళ్లు ఆ రంగును ఉన్నదున్నట్టు ఉంచాలి. అది వాళ్ల చిత్తశుద్ధికి పరీక్ష. ముఖం రంగు కోసం పిలిచి, ముఖం రంగు మారిస్తే ఆ పిలుపుకు అర్థమేముంది?

ఇప్పుడు చొక్కా సంగతి. చీటీ తిరగేసి చూసినందుకు నిన్ను ఎంత మెచ్చుకున్నా చాలదు. మోడళ్లలో ఎంతమంది ఆ పని చేస్తారు? అరిజోనా మ్యూజ్ అనే పేరున్న మోడల్ ఉంది. ఏళ్ల తరబడి బట్టలు తొడుక్కుని ఫొటోలు దిగాక, అవి దేనితో తయారవుతాయన్న ప్రశ్న ఆమెను పట్టుకుంది. ఆ ప్రశ్న వెంట పోతే పొలం దాకా, మట్టి దాకా చేరింది. 2021లో మట్టిని బాగుచేసే సాగుకు సాయపడే సంస్థనే స్థాపించింది. దాని పేరు కూడా డర్ట్, అంటే మట్టి. నువ్వు మట్టిని వెతుక్కుంటూ అంత దూరం వెళ్లనక్కరలేదు. మీ జిల్లాలో పత్తి చేలు బస్సు కిటికీలోంచి కనిపిస్తాయి.

పాలిస్టర్ అనేది ముడిచమురు నుంచి తీసే దారం. ఉతికినప్పుడల్లా కంటికి కనిపించని ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వదులుతుంది. పత్తితో కలిపి నేస్తే రెంటినీ విడదీసి మళ్లీ వాడుకోవడం చాలా కష్టం. అంత మాత్రాన ఆ కంపెనీది పచ్చి అబద్ధమని అనలేను. వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాలను కరిగించి తీసిన పాలిస్టర్ అయి ఉండవచ్చు. నీళ్లు తక్కువ వాడే రంగు అద్దకం కావచ్చు. అదే నిజమైతే ఆ మాటే చెప్పమను: ‘ఈ చొక్కాలో ఇంత శాతం సీసాల నుంచి తీసిన దారం’ అని. దానికి జీఆర్‌ఎస్ అనే ధ్రువపత్రం ఉంటుంది. సేంద్రియ పత్తికైతే జీఓటీఎస్ అనేది ఉంటుంది. ధ్రువపత్రం నకలు అడుగు. ఉంటే సంతోషంగా ఇస్తారు. ‘భూమికి హాని చేయదు’ అన్న మాటను మాత్రం ఏ బట్టా నిలబెట్టుకోలేదు. మీ అమ్మగారు నేసే పట్టుచీర కూడా. పట్టుపురుగు, రంగునీళ్లు, రవాణా అన్నీ ఉన్నాయి అందులో.

ఇక్కడ నీతితో పాటు చట్టం కూడా ఉంది. ఇది మీ అమ్మగారికి చదివి వినిపించు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కంపెనీ ఒక్కటే బాధ్యురాలు కాదు. ఆ వస్తువును మెచ్చుకుంటూ చెప్పిన మనిషి కూడా బాధ్యులే. మొదటిసారి 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. ఏడాది పాటు ఏ వస్తువునూ సమర్థించకుండా నిషేధించవచ్చు. అయితే, చెబుతున్న మాట నిజమో కాదో తెలుసుకోవడానికి తగిన శ్రద్ధ తీసుకున్నవారి మీద ఆ శిక్ష ఉండదని కూడా అదే చట్టం చెబుతుంది. 2024 అక్టోబరులో కేంద్రం ప్రత్యేకంగా పర్యావరణ ప్రచారాల మీద మార్గదర్శకాలు తెచ్చింది. పచ్చదనం, పర్యావరణ హితం లాంటి మాటలను ఆధారం లేకుండా, వివరం లేకుండా వాడకూడదని అందులో ఉంది.

నువ్వు దుస్తులు వేసుకుని ఫొటోలో నిలబడటం వేరు, సొంత ఖాతాలో సొంత గొంతుతో హామీ ఇవ్వడం వేరు. మొదటిది మోడల్ పని. రెండోది సాక్ష్యం. కంపెనీవాళ్లు రెండింటినీ ఒకే పారితోషికంలో కలిపేశారు. నిన్ను మోసం చేయాలని కాకపోవచ్చు, వాళ్లకు తేడా తట్టి ఉండకపోవచ్చు. కానీ 65 శాతం పాలిస్టర్ అని నీకు ముందే తెలుసు. రేపు ఎవరైనా అడిగితే తెలియదని అనలేవు. కాబట్టి ధ్రువపత్రం అడగడం మొండితనం కాదు, నీ రక్షణ. అప్పు తీర్చడానికి ఒప్పుకున్న పని కొత్త అప్పు తేకూడదు కదా.

నీ స్నేహితురాలి మాటకు వస్తాను. ‘అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు’ అని ఆమె ఉద్దేశం. ఆమె మాటలో కొంత నిజం ఉంది, దాన్ని దాటవేయకు. మోడల్ పని అంటే, ఉన్న చీర ఉండగానే కొత్త చీర మీద మనసు పుట్టించడం. తక్కువ కొనండి అని చెప్పే నోరు, కొనండి అని నవ్వే నోరు ఒకటే అయినప్పుడు ఇబ్బంది తప్పదు. ఈ ఇబ్బందిని కామెరన్ రస్సెల్ దాటలేదు, అరిజోనా మ్యూజ్ దాటలేదు. నువ్వూ దాటలేవు. దానితోనే బతకాలి. కానీ బయట నిలబడి నీతి చెప్పేవాళ్లకు ఆ చొక్కా లోపలి చీటీ కనిపించదు. నీకు కనిపించింది. 2013 ఏప్రిల్ 24న ఢాకా శివార్లలో రాణా ప్లాజా కూలి 1,100 మందికి పైగా చనిపోయారు. చాలామంది నీ వయసు అమ్మాయిలు. ముందురోజే గోడలు బీటలు వారాయి. అయినా పనిలోకి రమ్మన్నారు. వాళ్లు కుట్టిన బట్టలు తొడుక్కుని ఫొటోలు దిగినవారు మోడళ్లే. ఆ గొలుసులో ఒక కొసన కుట్టేవారు, ఇంకో కొసన తొడుక్కునేవారు. మధ్యలో ఉన్నవారంతా నోరు మూసుకుంటే ఈ కొసనున్నవారైనా అడగాలి. నీకు ఆ హక్కు లేదంటే ఇంకెవరికి ఉంది?

పైగా నువ్వు రెండు కొసల్లోనూ ఉన్నావు. ఈ మాట రాసేటప్పుడు నాకు క్వానా చేజింగ్‌హార్స్ గుర్తొస్తోంది. 2002లో పుట్టిన అమెరికా ఆదివాసీ అమ్మాయి, మోడల్. వాళ్ల జాతి స్త్రీల సంప్రదాయం ప్రకారం గడ్డం మీద, కళ్ల పక్కన పచ్చబొట్టు గీతలు ఉంటాయి. మోడల్ కాకముందే అలాస్కాలో తమవాళ్ల భూముల మీద చమురు తవ్వకాలు వద్దని, అక్కడ కారిబూ దుప్పులు ఈనుతాయని వాషింగ్టన్ వెళ్లి చెప్పింది. తర్వాత పెద్ద పెద్ద కంపెనీలు పిలిచాయి. గీతలు చెరపలేదు. ఆమె విషయంలో పర్యావరణం ఒకటి, వైవిధ్యం ఒకటి అని రెండు పోరాటాలు లేవు. ముఖమూ, నేలా ఒకటే కథ.

నీదీ అంతే. నువ్వు ఏ పెద్ద విషయం మీద ప్రసంగించాలా అని వెతుక్కుంటున్నావు. మీ ఇంట్లో ఆసు పోసే చోటు ఉంది కదా. చిటికి కట్టకముందు, అంటే రంగు అంటకుండా దారానికి ముడులు వేయకముందు, పట్టుదారాన్ని ఆసు మీద అర్ధచంద్రంలా ఉన్న మేకుల చుట్టూ ఒక్కొక్క పోగూ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ పోవాలి. ఆలేరు దగ్గరి చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక ఆ పనికి యంత్రం కనిపెట్టాడు, తల్లి పేరే పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ చీర కట్టుకుని నవ్వే మోడల్ ముఖం హోర్డింగ్ మీద పాతిక అడుగులు ఉంటుంది. ఆ 9,000 సార్లు తిరిగిన చెయ్యి ఎక్కడా కనిపించదు. మోడల్ రంగు ఏదైనా సరే, కనిపించదు. నీకు ఇన్‌స్టాగ్రామ్ ఖాతా ఉంది, ఫొటోకు ఎలా నిలబడాలో తెలుసు, వెలుతురు ఎటునుంచి పడాలో తెలుసు. ఒక ఆదివారం ఇంటికెళ్లి మీ అమ్మగారి చేతులను ఫొటో తియ్యి. ఏ పనికి ఎంత సేపు పడుతుంది, ఎంత కూలి గిడుతుంది అని కింద రాయి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సంతకం పెట్టేముందు మాత్రం ఒకటి చూసుకో: నీ సొంత ఖాతాలో నువ్వు ఏం రాయకూడదో చెప్పే షరతు ఏదైనా ఒప్పందంలో ఉందేమో. ఉంటే తీసేయించు.

అమ్మ సంగతి. ఆమె ఆశపడటం తప్పు కాదు. మగ్గం మీది అప్పు ఎలా పెరుగుతుందో నేను చూశాను. పట్టు ధర పెరుగుతుంది, కూలి పెరగదు. కాబట్టి ‘అమ్మకు అర్థం కాదు’ అనుకోకు. ఆమెకు రెండు విషయాలు చెప్పు. ఒకటి, నువ్వు పని వద్దనడం లేదు, ఒక వాక్యం మార్చమంటున్నావు. రెండు, ఆ వాక్యం అలాగే ఉంటే జరిమానా ప్రమాదం ఉంది. నాణ్యత లేని చీర మీద తన ముద్ర వేయడానికి ఏ నేతగత్తె ఒప్పుకుంటుంది? ఆమె అందరికంటే ముందు అర్థం చేసుకుంటుందని నా నమ్మకం.

కంపెనీకి ఫోనులో చెప్పకు, మెయిల్ పెట్టు. కోపంగా రాయకు, నిందించకు. ఇలా రాస్తే చాలు: ‘మీ అవకాశానికి ధన్యవాదాలు. పని చేయడానికి సిద్ధంగా ఉన్నాను. మూడు చిన్న మార్పులు కోరుతున్నాను. ఫొటోల్లో, వీడియోల్లో నా చర్మం రంగు మార్చకూడదు, అచ్చుకు లేదా ప్రసారానికి ముందు నాకు చూపించాలి. నా ఖాతాలో నేను చెప్పే మాట ధ్రువపత్రంలో ఉన్న వివరానికి పరిమితం కావాలి, ఆ నకలు నాకు ఇవ్వాలి. ఈ ప్రచారానికి సంబంధం లేని విషయాల మీద నా ఖాతాలో నేను రాసుకునే స్వేచ్ఛ నాకు ఉండాలి.’ వారం గడువు ఇవ్వు. ఒప్పందం చిత్తుప్రతి వచ్చాక తెలిసిన న్యాయవాదికి ఒకసారి చూపించు. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో స్త్రీలకు ఉచితంగా సలహా ఇస్తారు.

వాళ్లు ఒప్పుకోవచ్చు. నిజంగా మంచి సరుకు తయారుచేసేవాళ్లయితే నీ మూడు మార్పులు వాళ్లకే మేలు. ఒప్పుకోకపోతే నెల రోజులు కష్టంగా ఉంటుంది, అబద్ధం చెప్పను. చీరల కేటలాగ్‌ల పని చేసుకుంటూ ఉండు, ఇంకో పిలుపు వస్తుంది.

ఆ పాత బ్రోచరు ఉందని ఆశిస్తాను. చింపేసి ఉంటే మీ చెల్లి దగ్గర ఉందేమో అడుగు. కొంగు పట్టుకున్న చెయ్యి, తెల్లబడిన ముఖం ఒకే పేజీలో ఉన్నాయి కదా, ఆ పేజీని ఫొటో తీసి మెయిల్‌కు జత చెయ్యి. మొదటి షరతు ఎందుకు పెట్టావో వాళ్లకు వేరే వివరించాల్సిన పని ఉండదు.